వంకాయ రంగు డయాబ్లో

ఒత్తులు! అయ్యో, నా తెలివి తెల్లార, ఒత్తుల డబ్బ! గోదావరి బ్రిడ్జి కాడ బస్సెక్కి నా పక్కన కూసున్నామె, తానం చేసి వచ్చిన తడి ఎంట్రుకలు తువ్వాలల చుట్టుకొని, ఊకనే ముచ్చటకు అడిగినట్టు అడిగింది, "అక్కా, కరీంనగర్ల మూడువందల అరవై అయిదు ఒత్తుల కట్టలు దొరుకుతయంటవా? మా గోదావరిఖనిల దుకాండ్లన్ని ఖాళీ అయినయ్, పున్నం గద" అని. నేను పెద్ద తెలిసినదాని లెక్క "దొరుకుతయ్ తియ్యి చెల్లే, బస్టాండు ఎనుక మార్టుల మూలకు డబ్బకు డబ్బే పడున్నది, మొన్ననే చూసిన" అని నోటితోటి అననే అన్న. అన్న మాట నా చెవులకే ఇనవడంగనే పాణం గుభేలుమన్నది. ఆ డబ్బలనే గద నేను దాచింది! ఆ డబ్బల, అడుగుకు, ఒత్తుల కట్టల కింద, నా వంకాయ రంగు డయాబ్లో. ఎవ్వలు ముట్టని జాగ అనుకున్న. అమ్ముడువోక మూలకు పడ్డ సరుకు అనుకున్న. పున్నానికని దుకానోడు తెప్పిచ్చిపెట్టిన డబ్బ అది, పున్నం నాడు బయటికి తియ్యక ఏం చేస్తడు, ముందటికి తెచ్చి కుప్ప వోస్తడు, ఊరంత ఆడోళ్లు చేతులు వెట్టి ఏరుతరు, ఇంకెక్కడి కారు, ఇంకెక్కడి డయాబ్లో! ఓ నర్మదా, యాబై ఏండ్లకు దగ్గరవడ్డవ్, నస్పూర్ల సగం కాలనీకి జాకెట్లు కుట్టి మెప్పు పొందినవ్, గింత అక్కల్ లేకపాయెనా నీకు.

ఎందుకు యాదికి రాలేదంటె, మా ఇంట్ల ఒత్తులు కొనుడే లేదు మరి. దసరా పోయినకాడికెల్లి పత్తి తెచ్చుకొని, గింజలు తీసి, పొద్దంత మిషిన్ తొక్కుకుంట నడుమ నడుమ ఒక్కొక్క ఒత్తి నేనే చేస్త, మా అత్తమ్మ నేర్పిన పని. ఇయ్యాల పొద్దుగాల గూడ కట్ట కట్టి, నెయ్యిల నానవెట్టి, మా ఆయన కైలాసానికి "మాపటి వరకు వస్త, తులసమ్మ కాడ నేనే ముట్టిస్త, నువ్వు ముట్టుకోకు" అని చెప్పి మరీ బయలెల్లిన. ఇంట్ల చేసుకునేదానికి, ఇవ్వి కొనేటోళ్లు గూడ ఉంటరు, ఎగబడి కొంటరు అన్న సోయి యాడికెల్లి వస్తది? పున్నం యాదున్నది. ఒత్తులు యాదున్నయ్. కారైతె రెండు దినాలకెల్లి కండ్లల్లనే ఉన్నది. మూడిటిని ఒక్కతాన వెట్టి సోంచాయించిననా అంటె లేదు. బస్సేమొ రామగుండం పొగగొట్టాల పక్కకెల్లి నిమ్మళంగ పోతాంది, పెండ్లికి పోతున్న ముసలాయన లెక్క. డ్రైవరన్నా, జర తొక్కే, నీ కాళ్లు మొక్కుత, తొవ్వంత ఖాళీగనే ఉన్నది గద. ఈయన తొక్కడు. అదే డయాబ్లో అయితెనా, ఖని నుంచి కరీంనగర్ పోవుడెంత సేపు, నేను కొంగు సదురుకునేలోపల పెద్దపల్లి దాటిపోతది.

నవ్వుతరు గని, కార్లు జమ చేసేటోళ్లకు దాచుడు ఒక విద్య. నిజం కార్లు కాదు తల్లీ, బొమ్మ కార్లు, వేలు పొడుగుంటయ్, ప్లాస్టిక్‌వి కావు, పోత పోసిన గట్టి బండ్లు. ఫెరారీలు, లాంబోర్గినీలు, పోర్షేలు, మనం జన్మల ఎక్కలేనియి, అచ్చం అట్లనే చిన్నగ చేసి అట్టముక్కకు అంటిచ్చి దుకాన్ల తగిలేస్తరు. అసలు కారు మీద యాడ గీత ఉన్నదో దీని మీద గూడ ఆడనే ఉంటది. మంచిది కండ్ల వడ్డ నాడు కొనే వీలు లేకుంటె, వేరేటోళ్లు చూడకుంట ఆ దుకాన్లనే ఎక్కడనో ఇరికిచ్చి, మల్ల వచ్చి తీస్కోవాలె. అది మా రివాజు. నేను ఫినాయిల్ సీసాల ఎనుక దాస్త, ముసలోళ్ల డైపర్ల ఎనుక దాస్త. ఒకపారి మంచిర్యాలల రాగిపిండి సంచుల నడుమ పెట్టిన ఎర్ర ఫెరారీ వారం దినాలైనా గట్లనే ఉన్నది నా కోసం. మా వాట్సాప్ గ్రూపుల నిర్మలోళ్లు, ఆదిలాబాదోళ్లు, కరీంనగరోళ్లు అందరున్నరు, అందరు మొగోళ్లే. నేను నర్మదా గ్యారేజ్ అని పేరు వెట్టుకున్న, ఏదో రిపేరు షెడ్డాయన అనుకొని "అన్నా, మస్తు పట్టినవ్ అన్నా" అంటరు. నేనేమన్న అంటనా, గమ్మున బొటనవేలు బొమ్మ పెడ్త. అండ్ల కరీంనగర్ లింగమూర్తి అని ఒకాయన ఉన్నడు చూడు, ఫొటో స్టూడియో ఆయన, దుకాన్లు తెరువంగనే గద్ద లెక్క వాల్తడు. ఆయన పట్టిన కారు ఫొటో పెట్టిన నాడు నాకు బువ్వ సయించది.

లింగమూర్తి! ఇయ్యాల ఆయన గూడ ఒత్తులకే పోతె? ఆయనకు పెండ్లాం లేదా, పెండ్లాం పంపదా, "పోయి కట్ట తేపోవయ్యా" అనదా? కుప్పల చెయ్యి వెడ్తడు, గట్టిగ తాకుతది, తీస్తడు. అయిపాయె. సంచిల ఫోను కొట్టుకుంటనే ఉన్నది, గ్రూపుల ఏదో వచ్చింది, చూద్దునా వద్దా, చూడకుంటె పాణం ఆగది, చూస్తె పాణం పోతది. చూసిన. లింగమూర్తే! ఫొటో వెట్టిండు! "పున్నం నాటి వేట" అని కింద రాసిండు! ఫొటో తెరుసుకోదాయె, నడుమ గుండ్రంగ తిరుగుతాంది, తిరుగుతాంది, బసంత్‌నగర్ కాడ సిగ్నలు ఎప్పటికి గింతే, నీ సిగ్నలు పాడుగాను, తెరువు, తెరువు. నేను ఫోను అటు ఇటు ఊపుడు చూసి ఖని చెల్లె "ఏమైందక్కా, ఇంట్ల అందరు మంచిగున్నరా" అన్నది. తెరుసుకున్నది. ఆకుపచ్చ పోర్షే! ఆకుపచ్చది! నా తాన అసొంటివి రెండున్నయ్! ఓ లింగమూర్తీ, నీ కడుపు సల్లగుండ, పది పట్టుకో నాయనా ఆకుపచ్చయి, ఇంటినిండ వెట్టుకో. అంత ఖుషీల ఆయనకు బొటనవేలు బొమ్మలు మూడు పంపిన.

కొనే వీలెందుకు లేకుండె? దుకాన్ల ఉన్నది, చేతుల ఉన్నది, తీస్కపోయి కౌంటరు మీద పెడితె అయిపోవు. పెట్టకపోతిని. ఎందుకంటె పక్కన తారాబాయి వదిన ఉన్నది. తారాబాయి వదిన అంటె మాకు కాబోయే వియ్యపురాలు. మా సృజనను వాళ్ల ఉజ్వల్‌కు ఇస్తున్నం, వచ్చే ఆదివారం నిశ్చితార్థం. వాళ్లది ఆదిలాబాద్, ఆమె బడిల హెడ్‌మాస్టర్ చేసి మొన్న మొన్ననే దిగిపోయింది. ఆమె కండ్లద్దాలు కిందికి దించి చూసిందంటె మా కైలాసం అంతటోడు గూడ అంగీ గుండీలు సరిచేసుకుంటడు. మొదటిసారి మా ఇల్లు చూడవచ్చిన నాడు సృజన పొద్దున్నుంచే నా పాణం తీసింది, "అమ్మా, నీ దండం పెడ్త, ఆ కార్ల షోకేసు మీద ఏదన్న కప్పు, ఆంటీ చూస్తె మా అమ్మకు పిచ్చి అనుకుంటది" అని. అనుకుంటె అనుకోని అని నోటిదాంక వచ్చింది గని, బిడ్డ పెండ్లి ముచ్చట, నోరు మూసుకొని నా గద్వాల చీర తెచ్చి షోకేసు మీద కప్పిన. కైలాసం నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నడు. వాళ్లు చాయ తాగి పోయినదాంక నాకు ఆ చీర కింద నా పిల్లలెవరో ఊపిరాడక కూసున్నట్టే ఉండె.

మొన్న కరీంనగర్ల నిశ్చితార్థం చీరలు కొనెతందుకు ఇద్దరం కలిసినం. ఆమె వాళ్ల చెల్లె ఇంట్ల దిగింది, పున్నం దాటినంకనే ఆదిలాబాద్ పోత అన్నది. చీరల దుకాన్ల ఎవరో ఆడామె, మా ఈడుదే, ఫోన్ల గోళీలు పేల్చే ఆట ఆడుకుంట కూసున్నది. తారాబాయి వదిన పెదవి ఇరిచి, "అగ బాయీ, గింత పెద్దతనం వచ్చినంక గూడ పిల్లచేష్టలేందో" అన్నది నా చెవుల; అగ బాయీ అంటె వాళ్ల మరాఠి దిక్కు అయ్యో అన్నట్టు. నేను "గంతే గద వదినా" అన్న. అన్ననా! నా నోరు వడిపోను, అన్న. ఆడికెల్లి ఆమెకు శనగపిండి కావాలంటె మార్టుకు పోయినం. ఆమె పిండి దిక్కు పోయింది, నేను సబ్బుల దిక్కు పోతున్నట్టు పోయి, సబ్బుల పక్కనే బొమ్మల గోడ ఉంటది గద, పోయిన, చూసిన, ఇగ అంతే. అన్ని కార్ల ఎనుక, కొక్కానికి ఆఖర్న, వంకాయ రంగుది. ఉత్త వంకాయ రంగు కాదు. లేత గుత్తివంకాయ మీద నీళ్లు చల్లి ఎండకు వెట్టినప్పుడు వచ్చే రంగు. నేను ఇరవై అయిదేండ్లాయె జాకెట్లకు దారం జత చేయవట్టి, మ్యాచింగ్ సెంటర్ల రెండువందల పోగుల నడుమ కండ్లు మూసుకొని దారం తీసేదాన్ని, నాకు ఈ రంగుకు దారం యాదికి రాలే. తళుకు లోపలికెల్లి వస్తాంది. టైర్లు చూసిన, రబ్బరుయి! మామూలుగ ప్లాస్టిక్ టైర్లుంటయ్. రబ్బరు టైర్లు, లోపల తళుకున్న రంగు అంటె అది వేరే జాతి, ఎన్నో డబ్బల్ల ఒక్కటి కలిపి పంపుతరట, దుకానోళ్లకు గూడ తెల్వది, ఉత్త బండి లెక్కనే తగిలేస్తరు. లాంబోర్గినీలల్ల డయాబ్లో అది, ఆ మాటకు స్పెయినోళ్ల బాసల దయ్యం అట. నేలను ఆనుకొని పండుకున్నట్టుంటది, తలుపులు పక్కకు కాదు, పైకి లేస్తయ్ అసలు దానికి. కొక్కానికెల్లి తీసి చేతుల పట్టుకున్న. "వదినా, ఏం చూస్తున్నరు?" అని ఎనుకకెల్లి తారాబాయి వదిన గొంతు! సబ్బులు వదినా, సబ్బులు అన్న. కొంగుల చుట్టుకొని, పూజ సామాన్ల మూలకు పోయి, మూత తెరిసి ఉన్న పెద్ద అట్టడబ్బల అడుగుదాంక చెయ్యి దింపి ఇడిసిపెట్టిన. నిన్న కైలాసానికి జెరం, రాకపోతిని. ఇయ్యాల పొద్దుగాల జెరం దిగంగనే బస్సెక్కిన. మొగడు మూలుగుతుంటె కారు కోసం పోతిననేటోళ్లు అనుకోండ్రి, ఆయనే "పో, పో, నీ దయ్యం ఎవడన్న ఎత్కపోతడు, మల్ల నా మీద పడి ఏడుస్తవ్" అని తోలిండు.

కైలాసం మంచోడు. ఓపెన్‌కాస్ట్ గనిల డంపర్ నడుపుతడు, ఇల్లంత బండి, ఎక్కెతందుకు నిచ్చెన ఉంటది, బొగ్గు మీది మట్టి ఎత్తుకొని నత్త లెక్క పోతది. "నీ షోకేసు మొత్తం నా టైరు కింద ఒక్క గీతల సరిపోతది" అని ఎక్కిరిస్తడు. నేను "నీ డంపర్ పొద్దంత నడిచిన దూరం నా లాంబోర్గిని నువ్వు తుమ్మేలోపల పోతది" అంట. ఇట్ల లొల్లి పెట్టుకుంటనే అన్నం తింటం. మొదలు ఒక్కటే కారు ఉండె ఇంట్ల, సృజన చిన్నప్పటిది, మంచం కింద దొరికింది. జాకెట్ గుడ్డ కత్తిరిచ్చేటప్పుడు ఫ్యాను గాలికి ఎగురుతాంటె బరువుకని దాన్ని గుడ్డ మీద పెట్టిన. మంచిగ ఆగింది. ఒక కొనకు ఆగింది, ఇంకో కొన లేస్తాంది, దానికింకోటి కొన్న. నాలుగు కొనలకు నాలుగు. నాలుగైనంక ఇగ గుడ్డకు అక్కెర లేదు, అయినా ఇంకోటి కొన్న, పసుపుది. ఆ ఐదోది కొన్న నాడు నాకు సమజైంది, ఇది గుడ్డ కోసం కాదు, నాకే. ఆనాడు సంబురంతోటి బజార్ల మిర్చి బజ్జీలు తిని వచ్చిన ఒక్కదాన్నే. ఇప్పుడు కుట్టుకుంట ఫోన్ల వాటి పందేల వీడియోలు పెట్టుకుంట, కూతలు ఇనుకుంట మిషిన్ తొక్కుత, జాకెట్లకు వచ్చిన ఆడోళ్లు "అక్కా ఇదేం లొల్లి" అంటరు, పన్నెండు సిలిండర్ల ఇంజిను చెల్లే, నోరు మూసుకొని ఇను అంట.

పెద్దపల్లి. దిగేటోళ్లు దిగుతలేరు, ఎక్కేటోళ్లు ఎక్కుతలేరు, అందరు ఫ్రీ టికెట్టుకని ఆధార్ కార్డులు దేవులాడుకునుడే. ఒకామె ఉసిరికాయల కొమ్మ తెచ్చి నా మొకం మీద పెట్టింది. పెట్టు తల్లీ, ఏమన్న పెట్టు, బస్సు కదిలితె సాలు. ఖని చెల్లె నన్ను చూసుకుంటనే ఉన్నది, ఆఖరికి ఉండవట్టక "అక్కా, ఏమన్న పోగొట్టుకున్నవా" అన్నది. "అవ్ చెల్లే" అన్న, "ఆ మార్టుల, ఆ ఒత్తుల డబ్బల, నా వస్తువొకటి ఇరుక్కున్నది." వస్తువు అంటె మా దిక్కు బంగారమే. ఆమె రొమ్ము మీద చెయ్యేసుకొని "ముక్కుపుల్లనా, కమ్మనా?" అన్నది. "గంతకన్న ఎక్కువ" అన్న. "అయ్యో అక్కా, ఫికర్ వెట్టుకోకు, నేనొస్త నీ ఎంబడి, ఇద్దరం కలిసి ఎతుకుదాం, గోదారమ్మ తల్లి ఉట్టిగ పోనియ్యది" అని నా చెయ్యి పట్టుకున్నది. ఆమె చెయ్యి గోదావరి నీళ్లకు ఇంక సల్లగనే ఉన్నది. చెప్పాలె, బంగారం కాదని చెప్పాలె, నోరు రాలే. ఫోను మోగింది, సృజన. "అమ్మా, యాడున్నవ్? ఆంటీ ఫోన్ చేసింది, జాకెట్ కొలతలు నువ్వే తీస్తవట గద, ఆదివారం ఆమె ముందట మాత్రం ఆ కార్ల ముచ్చట..." తియ్యను బిడ్డా, తియ్య, పెట్టు ఫోను అన్న.

సుల్తానాబాద్ దాటినం, దాటితె ఏం లాభం, తొవ్వ సగం మీద వడ్లు ఆరవోసిండ్రు. ఉన్న సగంల ముందట గ్రానైట్ బండ ఎత్తుకున్న లారీ, దాని ఎనుక మా ముసలి బస్సు. బండ మీద నీళ్లు కారుతున్నయ్, లారీ మూలుగుతాంది. దాటేయ్ డ్రైవరన్నా, దాటేయ్, గా సందుల పడ్తది! పడదట. నేను సీటు కొనకు వచ్చి కూసున్న, కాలు నేలకు ఒత్తుతున్న, నాకు నడుపవస్తదా ఏమన్ననా, స్కూటీ గూడ రాదు, అయినా నా కుడికాలు ఒత్తుకుంటనే ఉన్నది. ఇంత ఆగమెందుకే నర్మదా? ఒక బొమ్మ కోసమా? అవ్, బొమ్మ కోసమే. నాకు అది కావాలె. గంతే. ఊళ్లె అందరి పెండ్లిండ్లకు రంగులు నేనే చెప్పిన, ఈ చీరకు ఈ అంచు, ఈ అంచుకు ఈ దారం, ఏ రంగు మీద చెయ్యేసినా అది ఎవలదో ఒకలది, కుట్టి మడతవెట్టి ఇచ్చేసేదే. ఈ వంకాయ రంగు నాది. ఇది కుట్టి ఎవ్వలకు ఇచ్చేది లేదు. దీన్ని చూస్తె నా కడుపుల ఏదో లేసి పరుగు పెడ్తది, ఈ వయసుల పరుగు పెట్టేది ఇంకేమున్నది నాకు? పోతె నిజంగనే ఏడుస్త నేను, ఈ చెల్లె ముందటనే ఏడుస్త, షరం లేదు. లారీ పక్కకు జరిగింది! జరిగింది! దాటినం! నేను సప్పట్లు కొట్టిన, కండక్టరమ్మ ఎనుకకు తిరిగి చూసింది, చూడని.

బస్టాండుల బస్సు ఆగకముందే దిగిన. ఆటో వద్దు, ఆటోల కన్న నేనే జల్ది పోత, చెప్పులు తపతప కొట్టుకుంటున్నయ్, ఖని చెల్లె ఎనుక "అక్కా, ఆగక్కా" అనుకుంట ఉరుకొస్తాంది. మార్టు కాడ చూస్తె నేను అనుకున్నదానికి పదింతలున్నది. లోపలికి అడుగు పెట్టే గల్మలనే పెద్ద బల్ల ఏసిండ్రు, మీద ఒత్తుల కట్టలు కుప్ప వోసిండ్రు, పక్కకు మట్టి ప్రమిదలు, కర్పూరం, ఉసిరికొమ్మలు, చుట్టూత ఆడోళ్లు, మోచేతులకు మోచేతులు. మూలకు పోయి చూసిన. డబ్బ లేదు. అది పెట్టినకాడ నేల మీద నాలుగు పలకల దుమ్ము గీత ఉన్నది, గంతే. ఇగ ఆ కుప్పలనే ఉండాలె, లేకుంటె ఎవలో తీస్కపోయిండ్రు. ఉరుకొచ్చి రెండు చేతులు కుప్పల పెట్టిన. మెత్తగ, మెత్తగ, అంత మెత్తగనే తాకుతాంది, గట్టిది ఒక్కటి లేదు. "ఏందమ్మా నూకుతవ్" అన్నది ఒకామె. అప్పుడు ఖని చెల్లె అందరికి ఇనవడేటట్టు "ఓ అమ్మలాలా, జర ఆగుండ్రి, ఈ అక్క వస్తువు ఈ ఒత్తులల్ల పోయింది, పెద్ద వస్తువు" అని అరిసింది. అంతే, నూకేటోళ్లంత ఆగిండ్రు. "అయ్యో, ఎంత కష్టమొచ్చె", "పున్నం నాడు పోవద్దు తల్లీ", "నువ్వా దిక్కు చూడు, నేనీ దిక్కు చూస్త." పది జతల చేతులు కుప్పల దిగినయ్. ఒక్కొక్క కట్ట ఎత్తి, దులిపి, పక్కకు పెడుతున్నరు, అయిన ఇంటి పని లెక్క చేస్తున్నరు. మార్టు అంగీ ఏసుకున్న పిల్ల ఉరుకొచ్చింది, "ఆంటీ, ఏం వస్తువు? గొలుసా? సీసీ కెమెరా చూపిస్త, ఏం వస్తువో చెప్పుండ్రి."

అందరు నా దిక్కు చూస్తున్నరు. చెప్పకుంటె ఎట్ల, బంగారం అనుకొని ఎతుకుతున్నరు పాపం, కారు చేతికి తాకినా పక్కకు పారేస్తరు. "కారు" అన్న. "ఏందీ?" "కారమ్మా. చిన్న కారు. బొమ్మ కారు. వంకాయ రంగుది, అట్టముక్కకు అంటిచ్చి ఉంటది. లాంబోర్గిని డయాబ్లో." ఒకామె చేతిల కట్ట అట్లనే పట్టుకొని నిలవడ్డది. ఖని చెల్లె మొకం నేను చూడలేకపోయిన. ఆమె ఒక్క గడియ నన్ను ఎగాదిగా చూసి, "గంతకన్న ఎక్కువ అంటివి గదక్కా" అన్నది. "ఎక్కువే చెల్లే, నాకు ఎక్కువే" అన్న. ఆమె ఏం సమజ్ చేసుకున్నదో, మల్ల కుప్పల చెయ్యి వెట్టింది. "వంకాయ రంగట, చూడుండ్రమ్మా" అన్నది. మల్ల పది జతల చేతులు దిగినయ్. ఎవలో కిసుక్కున నవ్విండ్రు, నవ్వుకుంటనే ఎతుకుతున్నరు, "లాంబో... ఏందక్కా దాని పేరు?" అని అడుగుతున్నరు, నేను చెప్తున్న, తలుపులు పైకి లేస్తయ్ అని గూడ చెప్తున్న, ఎంత ఉరుకుతదో చెప్తున్న. నా నోరు నా మాట ఇంటలేదు, ఇన్నేండ్లు గ్రూపుల గమ్మునున్న ముచ్చటంత ఆడనే కక్కుతున్న, పాణం గాలిల తేలుతాంది.

"నర్మదా వదినా?"

ఆ గొంతు నాకెర్కే. బల్లకు ఆ దిక్కు, చేతుల బుట్ట, బుట్టల ప్రమిదలు, తారాబాయి వదిన. కండ్లద్దాలు కిందికి దించే ఉన్నది. ఎప్పటినుంచి నిలవడ్డదో, ఎంత ఇన్నదో. సరిగ్గ అప్పుడే ఖని చెల్లె బల్ల కొసకెల్లి చెయ్యి పైకి లేపి "దొరికింది! అక్కా, గిదేనా?" అని కేకేసింది. అదే. అదే నా తల్లీ. అట్ట ఒక మూల నలిగింది, నలుగని, మీది ప్లాస్టిక్ పగులలే, లోపల డయాబ్లో అట్లనే పండుకొని ఉన్నది, అట్టకు జర పత్తి నూగు అంటుకునుడు తప్ప ఏం కాలే. ఆడోళ్లందరు "దొరికిందట, దొరికిందట" అని సంబురపడ్డరు. ఒకామె చేతులెత్తి దండం గూడ పెట్టింది. చేతులు మారుకుంట మారుకుంట నా దిక్కు వస్తున్నదాన్ని నడుమ తారాబాయి వదిన అందుకున్నది. చూసింది. తిప్పింది. "ఎవలికి వదినా గిది?" అన్నది. పక్కింటోళ్ల మనుమనికి అన్న అబద్ధం నాలుక మీద తయారుగ కూసున్నది, ఆదివారం నిశ్చితార్థం, సృజన మొకం కండ్ల ముందట, ఆ అబద్ధాన్ని మింగి, "నాకే వదినా" అన్న. "నేను జమ చేస్త. ఇంట్ల షోకేసు నిండ ఉన్నయ్. మొన్న నేనే దాచిన దీన్ని, మీరు చూస్తరని." ఇగ ఏమన్నగాని. అన్న.

ఆమె కండ్లద్దాలు పైకి వెట్టుకున్నది. అట్టను ఎలుగు దిక్కు పట్టింది, టైర్లు దగ్గరికి పెట్టుకొని చూసింది, వేలితోటి ప్లాస్టిక్ మీది నుంచే కారు నడుము పొంటి మెల్లగ రాసింది. బడి పిల్లగాండ్ల పుస్తకాల సంచులకెల్లి ఒక్కొక్క బొమ్మ గుంజుకొని బల్ల సొరుగుల ఏసిన చెయ్యి గద అది, ఎన్ని కార్లు ఏసిందో. "అగ బాయీ" అన్నది, హెడ్‌మాస్టర్ గొంతు కాదు, వేరే గొంతు. "ఎంత సక్కగున్నదే ఇది." మల్ల తిప్పింది. మల్ల చూసింది. మొకం ఎర్రవడ్డది ఆమెకు. పక్కన ఎవలన్న ఇంటున్నరా అని అటు ఇటు చూసి, నా దిక్కు జరంత ఒరిగి, గుసగుసగ అడిగింది, "ఇంకోటున్నదా వదినా, నాకు?"

ఇంకోటి యాడిది! నాకు తెలుసు, మా దిక్కు పిల్లనిచ్చేటోళ్లకు ఒక రివాజున్నది, వియ్యపురాలు కన్ను వడ్డ వస్తువును "తీస్కోండ్రి వదినా, మీకన్ననా" అని నవ్వుకుంట చేతుల పెట్టాలె. మా అమ్మ మెడల గొలుసు తీసి పెట్టింది మా అత్తమ్మకు. నేను పెట్టే చీరలు పెడ్త, వెండి గిన్నెలు పెడ్త, ఆమె అడిగితె నా మిషిన్ గూడ ఇస్త. అందరాడోళ్లు చూస్తున్నరు, ఖని చెల్లె నోరు తెరిసి చూస్తాంది. "లేదు వదినా" అన్న, "గిదొక్కటే ఉండె" అని అట్ట కొన పట్టుకున్న. ఆమె ఆ కొన ఇడువలే. నేను ఈ కొన ఇడువలే. నడుమ డయాబ్లో. జర సేపు గట్లనే నిలవడ్డం, ఒకళ్ల మొకం ఒకళ్లు చూసుకుంట. మొదలు ఆమెకే నవ్వొచ్చింది. నాకు గూడ వచ్చింది. నవ్వుకుంటనే గుంజుకున్న.